స్పెషల్ స్కూల్లో చదువు నిజంగా సాగుతోందా? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెబుతూ చాలా ఏళ్ళు గడిపాను. తల్లిదండ్రులు మీటింగ్‌లో అందరి ముందూ అడిగే ప్రశ్నలు కొన్ని. మీటింగ్ అయ్యాక, చెప్పులు వేసుకుంటూ, గుమ్మం దగ్గర ఆగి మెల్లగా అడిగేవి కొన్ని. ఈ రెండో రకం ప్రశ్నలకే ఇక్కడ ఎక్కువగా జవాబులు రాశాను. కొన్నిచోట్ల నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది. మీ పిల్లల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు కాబట్టి మీకు పనికొచ్చినంత తీసుకోండి.

పిల్లాడు బడికి నవ్వుకుంటూ వెళ్తున్నాడు, నవ్వుకుంటూ వస్తున్నాడు. అది చాలదా?

అది చిన్న విషయం కాదు. ఇంతకుముందు ఇంకో బడి గేటు దగ్గర ఏడుస్తూ చెయ్యి వదలని పిల్లాడి అమ్మానాన్నలకు దాని విలువ తెలుసు. భయపడుతున్న పిల్లాడి బుర్రలోకి ఏ పాఠమూ ఎక్కదు కాబట్టి, సంతోషంగా వెళ్ళడం మొదటి మెట్టు.

చిక్కేమిటంటే, చాలా బడులు ఆ మెట్టు మీదే కూర్చుండిపోతాయి. 'పాపం, హాయిగా ఉన్నాడుగా' అనే మాటలో ప్రేమ ఉంటుంది, నిజమే. ఒక్కోసారి దాని వెనకే 'వీడికి ఇంతకుమించి ఏం వస్తుందిలే' అన్న లెక్క కూడా ఉంటుంది. అది తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న అడగండి: పోయిన ఏడాది ఇదే రోజుల్లో చేయలేక ఇప్పుడు చేస్తున్న పని ఏమిటి? జవాబు టీచర్ నోటి నుంచి ఫలానా పని అని విడిగా రావాలి. 'బాగా ఇంప్రూవ్ అయ్యాడండీ' అన్నది మర్యాదే తప్ప జవాబు కాదు.

మరి చదువు నాణ్యతను దేన్నిబట్టి తెలుసుకోవాలి?

నా తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బాబుకి పది వరకు లెక్కపెట్టడం నేర్పాను. ట్రేలో పూసలు పెట్టేదాన్ని, ఒక్కోటి తీసి డబ్బాలో వేస్తూ పది దాకా లెక్కపెట్టేవాడు. రిపోర్టులో 'లక్ష్యం పూర్తయింది' అని రాసి సంతకం పెట్టాను. వారం తర్వాత వాళ్ళ నాన్నగారు వచ్చారు. ఆయన కోపంగా లేరు, అయోమయంగా ఉన్నారు. "మేడమ్, నాలుగు స్పూన్లు తెమ్మంటే ఉన్నవన్నీ తెచ్చేస్తున్నాడు" అన్నారు. అప్పుడు ట్రే వైపు చూశాను. నేను రోజూ అందులో సరిగ్గా పదే పూసలు పెట్టేదాన్ని. పూసలు అయిపోయినప్పుడు వాడు ఆగేవాడు. నాలుగు దగ్గర ఆగడం అనే సంగతి నేను ఏనాడూ నేర్పలేదు.

అప్పటినుంచి నాకు నాణ్యత అంటే ఇదే: బడిలో నేర్చుకున్న పనిని బడి బయట, వేరే వస్తువులతో, నేర్పిన టీచర్ పక్కన లేకుండా పిల్లాడు చేయగలగాలి. భవనం, రంగురంగుల బోర్డులు, సెన్సరీ రూమ్ (వెలుగులు, స్పర్శ, కదలికలతో పిల్లల్ని కుదుటపరిచే గది), వార్షికోత్సవం డాన్సులు ఇవన్నీ ఉంటే మంచిదే. అయితే అవి ఉన్నాయి కదా అని చదువు కూడా ఉందనుకోకూడదు.

కోర్టుల దాకా వెళ్ళిన ప్రశ్న కూడా ఇదే. ఆటిజం ఉన్న ఒక అమెరికా అబ్బాయికి ఏటా దాదాపు అవే లక్ష్యాలు రాస్తూ వచ్చారు. తల్లిదండ్రులు విసిగిపోయి వేరే బడికి మార్చారు, అక్కడ బాగా నేర్చుకున్నాడు. ఏదో కాస్త లాభం కనిపిస్తే చాలన్న వాదనను 2017లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. ఆ పిల్లాడి పరిస్థితికి తగిన ప్రగతి వచ్చేలా ప్రణాళిక ఉండాలని చెప్పింది. చట్టం ఆ దేశానిదే అయినా, 'ఏదో కాస్త' అనే మాటతో సరిపెట్టే అలవాటు మాత్రం అన్నిచోట్లా ఉన్నదే.

ఐఈపీ కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. అది బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది?

ఐఈపీ అంటే ఒక్కో పిల్లాడికి విడిగా రాసే చదువు ప్రణాళిక. 1975లో అమెరికా చేసిన చట్టంతో ఇది వాడుకలోకి వచ్చి, తర్వాత చాలా దేశాల్లో ఏదో ఒక రూపంలో స్థిరపడింది. కాగితం ఎన్ని పేజీలుందో పట్టించుకోకండి. ఒక్కో లక్ష్యాన్నీ చదివి, 'ఇది అయిందో లేదో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి చూసినా చెప్పగలరా?' అని మిమ్మల్ని మీరే అడగండి.

'భాషా నైపుణ్యాలు మెరుగుపరచుకుంటుంది' అని రాశారనుకోండి. ఏడాది చివర్లో అయిందన్నా అవుననాల్సిందే, కాలేదన్నా అవుననాల్సిందే. అదే 'ఏదైనా కావలసినప్పుడు, ఎవరూ గుర్తుచేయకుండా, దానికి తగిన బొమ్మకార్డు తీసి ఎదుటివాళ్ళకి ఇస్తుంది. ఇద్దరు వేర్వేరు పెద్దవాళ్ళతో, రోజుకి కనీసం ఐదుసార్లు' అని రాస్తే దాటవేయడానికి సందు ఉండదు.

ఇక మొదలుపెట్టిన చోటు. ఇప్పుడు రోజుకి ఎన్నిసార్లు చేస్తోంది? సున్నానా, రెండా? ఆ అంకె రాయకపోతే ప్రయాణం ఎక్కడ మొదలైందో తెలియకుండా ఎంత దూరం వచ్చామో చెప్పినట్టుంటుంది. నేను చూసిన కాగితాల్లో ఎక్కువగా లోపించేది ఇదే.

సాయం ఎంత అన్నది కూడా రాయాలి. చెయ్యి పట్టుకుని చేయించడం వేరు, వేలితో చూపించడం వేరు, మాటతో గుర్తుచేయడం వేరు, ఏమీ అనకుండా ఆగి చూడటం వేరు. 'షర్టు బొత్తాలు పెట్టుకుంటాడు' అనే ఒక్క వాక్యంలో ఈ నాలుగూ దాక్కోవచ్చు. ఒక పిల్లాడు మూడేళ్ళపాటు ఆ వాక్యం కిందే ఉన్నాడంటే ఏమీ నేర్వలేదని కాదు. చెయ్యి పట్టుకోవడం నుంచి మాటతో గుర్తుచేయడం దాకా వచ్చి ఉండవచ్చు, అది పెద్ద మార్పే. రాయకపోతే ఆ మార్పు ఎవరికీ కనిపించదు. సాయాన్ని తగ్గిస్తూ రాకపోతే మాత్రం పిల్లాడు పనితోపాటు ఎదురుచూడటం కూడా నేర్చుకుంటాడు. టీచర్ మొహం వైపు చూసి, 'ఊఁ' అంటే గానీ చెయ్యి కదలదు.

చివరిగా, పోయిన ఏడాది కాగితం తీసి పక్కన పెట్టి చూడండి. తేదీ మాత్రమే మారి ఉంటే సంతకం పెట్టడానికి తొందరేమీ లేదు. ఒక ఐఈపీలో నడుమ నాలుగు లైన్ల దగ్గర ఇంకో పిల్లవాడి పేరు ఉండిపోవడం నేను చూశాను. ఆ కాగితం మీద అప్పటికే మూడు సంతకాలు ఉన్నాయి.

ఎన్నాళ్ళు చూడాలి? మా పాపకి ఏదైనా నెమ్మదే.

నెమ్మదిగా నేర్చుకోవడం వేరు, అసలు కదలిక లేకపోవడం వేరు. క్రమం తప్పకుండా నేర్పుతూ, రాసి పెట్టుకుంటూ ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఏదో ఒక చిన్న కదలిక కనిపించాలన్నది నా లెక్క. కనిపించకపోతే పిల్లను మార్చలేం కాబట్టి పద్ధతి మార్చాలి. పనిని ఇంకా చిన్న ముక్కలు చేయాలి, లేదా చివరి ముక్కతో మొదలుపెట్టాలి. జిప్పు వేయడం నేర్పేటప్పుడు చివరి రెండంగుళాలు మాత్రం పాపకి వదిలేస్తే, 'నేనే వేశాను' అన్న సంతోషం మొదటి రోజే దక్కుతుంది. అక్కడి నుంచి వెనక్కి రావచ్చు.

వచ్చిన పని ఉన్నట్టుండి పోతే మాత్రం బడిని నిందించే ముందు డాక్టర్‌కి చూపించండి. చెవిలో నీరు చేరడం, పంటినొప్పి, సరిగ్గా నిద్ర లేకపోవడం, బయటికి కనిపించని మూర్ఛలు ఇవన్నీ 'మొండితనం'గా కనిపిస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో థైరాయిడ్ సమస్యలు, వినికిడి సమస్యలు మామూలు కంటే ఎక్కువ. చెప్పుకోలేని పిల్లలు నొప్పిని ప్రవర్తనతోనే చెబుతారు.

క్లాసులో ఎంతమంది పిల్లలుంటే మంచిది?

తక్కువమంది ఉంటే మంచిదే. కానీ ఆరుగురు పిల్లలకు నలుగురు పెద్దవాళ్ళున్న గదిలో, ఆ నలుగురూ ఒకరితో ఒకరు కబుర్లు చెప్పుకోవడం కూడా చూశాను. పెద్దవాళ్ళు ఎక్కువైతే ఇంకో ఇబ్బంది ఉంది. సహాయకులు పిల్లల మీదకి వాలిపోతారు. మైకేల్ జియాంగ్రెకో అనే పరిశోధకుడి బృందం 1997లో అమెరికాలో మామూలు తరగతుల్లో చేసిన పరిశీలనలో, సహాయకులు ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉండటం వల్ల పిల్లలు తోటివారికి దూరమవుతున్నారనీ, టీచర్లు ఆ పిల్లలను తమ బాధ్యతగా చూడటం తగ్గుతోందనీ తేలింది. మీ పిల్లకి విడిగా సహాయకురాలిని ఇచ్చారంటే సంతోషించండి. ఆమె ఎప్పుడెప్పుడు పక్కకి జరుగుతుందో కూడా అడగండి.

బడి చూడటానికి వెళ్తే ఏం గమనించాలి?

వార్షికోత్సవం రోజున వెళ్ళకండి. మామూలు రోజున, వీలైతే ఒక పీరియడ్ అయిపోయి ఇంకోటి మొదలయ్యే వేళకి వెళ్ళండి. బడి అసలు స్వరూపం ఆ పది నిమిషాల్లో బయటపడుతుంది. తర్వాత ఏం జరగబోతోందో పిల్లలకి తెలుసా? గోడ మీదో బల్ల మీదో బొమ్మల టైమ్‌టేబుల్ ఉందా? ఉంటే దాన్ని పిల్లలు వాడుతున్నారా, లేక ఎవరికీ అందనంత ఎత్తులో అలంకారంగా ఉందా?

వాచీ చూస్తూ ఒక్క పిల్లని పదిహేను నిమిషాలు గమనించండి. అందులో ఏదో ఒకటి చేస్తూ గడిపింది ఎంతసేపు, ఊరికే తన వంతు కోసం కూర్చున్నది ఎంతసేపు? బలహీనమైన బడిలో పిల్లల రోజులో పెద్ద భాగం ఎదురుచూపులకే పోతుంది. బస్సు కోసం, బాత్రూమ్ కోసం, థెరపిస్ట్ కోసం, పక్కవాడు ముగించడం కోసం. టైమ్‌టేబుల్లో మాత్రం ఆ సమయానికి ఏదో ఒక పాఠం పేరు ఉంటుంది.

ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఆగుతారో లెక్కపెట్టండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే మామూలు తరగతుల్లో టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, మెరుగయ్యాయి. మన పిల్లల్లో చాలామందికి మూడు కూడా చాలవు. పది సెకన్లు మౌనంగా నిలబడగల టీచర్ కనిపిస్తే ఆ బడిని గుర్తుపెట్టుకోండి. వినడానికి తేలికే గానీ, ఒకసారి మీరే ఇంట్లో ప్రయత్నించండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

గోడ మీద పిల్లల బొమ్మలు పన్నెండూ అచ్చు ఒకేలా ఉంటే అవి వేసింది టీచరే. మీ అబ్బాయి అక్కడే ఉండగా అతని లోపాల జాబితా మీకు చదివి వినిపిస్తే, ఆ మనిషి దృష్టిలో అబ్బాయికి చెవులు లేవన్నమాట. చివరగా బాత్రూమ్ చూపించమనండి. మొహమాటపడకండి. తలుపులున్నాయా, శుభ్రంగా ఉందా, పెద్ద పిల్లలకి మరుగు ఉందా? ఈ మూడూ సరిగ్గా ఉన్న బడిలో మిగతావి కూడా సాధారణంగా ఫరవాలేదనిపిస్తాయి.

చదవడం, రాయడం నేర్పాలా? 'రోజువారీ పనులు నేర్పుతాం, అది చాలు' అంటున్నారు.

ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమనడమే తప్పు. పళ్ళు తోముకోవడం రావాలి, బస్సు మీద రాసింది చదవడమూ రావాలి. చదవడం కూడా రోజువారీ పనే కదా. మందు సీసా మీది మాటలు, ఫోన్లో వచ్చిన మెసేజ్, 'ప్రవేశం లేదు' అన్న బోర్డు చదవలేని మనిషి ప్రతిదానికీ ఇంకొకరి మీద ఆధారపడాలి.

'వీళ్ళకి రాదు' అన్న మాటకు చాలా పాత చరిత్ర ఉంది. 1900 ప్రాంతంలో రోమ్‌లో మరియా మాంటిస్సోరి, చదువు రాదని పక్కన పెట్టేసిన పిల్లలతో పనిచేశారు. అంతకుముందు ఫ్రాన్స్‌లో ఇలాంటి పిల్లలకే చదువు చెప్పిన ఇటార్, సెగాన్ అనే ఇద్దరు తయారుచేసిన పద్ధతులే ఆమెకు ఆధారం. చేతితో తడిమి నేర్చుకునే అక్షరాలు, ముక్కలుగా విడదీసిన పనులు. ఆ పిల్లల్లో కొందరు మామూలు బడి పిల్లలు రాసే పరీక్షలే రాసి పాసయ్యారు. అందరూ అద్భుతం అంటుంటే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు నా పిల్లల స్థాయిలోనే ఎందుకు ఆగిపోయారా అని తాను ఆలోచిస్తూ ఉండిపోయానని ఆమె రాసుకున్నారు. నాకు ఆమె చేసిన పనికంటే ఆ సందేహమే ఎక్కువ ఇష్టం.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామందికి విన్నదానికంటే చూసింది బాగా గుర్తుంటుంది. అందుకే కొందరు మాటలు సరిగ్గా రాకముందే పదాలను చూసి గుర్తుపట్టగలరు, ఆ చదవడమే మాటకు ఊతమవుతుంది. ఐదేళ్ళకి రానిది పదమూడేళ్ళకి రావచ్చు. అక్షరాలు నేర్చుకునే తలుపు ఒక వయసు దాటాక మూసేస్తారని ఎక్కడా లేదు.

వయసుకి తగ్గ గౌరవం కూడా చూడండి. పదిహేనేళ్ళ అబ్బాయికి ఇంకా ఏనుగు, ఎలుక బొమ్మలతోనే అంకెలు నేర్పుతుంటే, అంకెలు రావచ్చేమో గానీ తాను చిన్నపిల్లాడినేనన్న సంగతి కూడా ఆ పాఠంతోపాటే నేర్చుకుంటాడు. అవే అంకెలు క్రికెట్ స్కోరుతోనూ నేర్పవచ్చు, ఫోన్ నంబర్లతోనూ నేర్పవచ్చు.

మా అమ్మాయికి మాటలు లేవు. బొమ్మకార్డులు, ట్యాబ్ అలవాటు చేస్తే ఇక ఎప్పటికీ మాట్లాడదేమోనని భయం.

ఈ భయం లేని తల్లిని నేను చూడలేదు. పరిశోధనలు మాత్రం ధైర్యం చెబుతున్నాయి. బొమ్మలు, సైగలు, మాట్లాడే పరికరాలు మాటను ఆపవు, కొందరిలో మాట కాస్త పెరుగుతుంది కూడా. ఒక మాట చెప్పడానికి ఏదో ఒక దారి దొరికిన పిల్లకి, మాట్లాడితే పని జరుగుతుందని అర్థమవుతుంది. మిగతాదంతా ఆ తర్వాతే.

బడిలో చూడాల్సింది ఇది: కార్డుల పుస్తకం లేదా ట్యాబ్ ఎప్పుడూ అమ్మాయి చేతికి అందేలా ఉందా, లేక స్పీచ్ థెరపీ గంటలో బీరువాలోంచి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్తోందా? గంటకోసారి గొంతు ఇచ్చి మళ్ళీ తీసేసుకుంటే ఎలా? అందులో 'కావాలి' ఒక్కటే ఉందా, లేక 'వద్దు', 'నొప్పి', 'ఆపు', 'నాకు కోపంగా ఉంది' కూడా ఉన్నాయా? అడగడం మాత్రమే నేర్పి కాదనడం నేర్పని బడులు చాలా ఉన్నాయి.

ఇంకో హెచ్చరిక. పిల్ల చెయ్యి పట్టుకుని, అక్షరాల మీదకి నడిపిస్తూ, 'చూడండి, కవితలు రాస్తోంది' అనే పద్ధతి ఒకటుంది. 1990ల మొదట్లో దాన్ని పరీక్షించారు. పిల్లలకి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్నవాళ్ళకి ఇంకో బొమ్మ చూపించారు. రాసి వచ్చింది పెద్దవాళ్ళు చూసిన బొమ్మ పేరే. వాళ్ళు మోసగాళ్ళు కారు, తమకు తెలియకుండానే నడిపించారు. ఆశతో ఉన్న తల్లిదండ్రులకి ఈ మాట చెప్పడం చాలా కష్టం, కానీ చెప్పకపోతే ఆ పిల్ల సొంత మాట ఎప్పటికీ బయటికి రాదు.

థెరపీలు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిదా?

కాదు. వారానికి రెండు అరగంటల్లో థెరపిస్ట్ చేసేదాన్ని మిగతా రోజంతా టీచర్, సహాయకులు, ఇంట్లోవాళ్ళు కొనసాగిస్తేనే ఫలితం. థెరపిస్ట్ క్లాసులోకి వస్తారా, టీచర్‌తో కూర్చుని మాట్లాడతారా అని అడగండి. ఎన్ని సెషన్లు అనేది ఆ తర్వాత.

వినికిడి లోపం, చూపు లోపం ఉన్న పిల్లల బడుల్లో ప్రత్యేకంగా ఏం చూడాలి?

బధిర పిల్లల బడి అయితే, ఎంతమంది టీచర్లు సైన్ లాంగ్వేజ్‌లో తడుముకోకుండా మాట్లాడగలరో చూడండి. జోక్ వేయగలరా? పిల్లలు ఒకరితో ఒకరు వేగంగా మాట్లాడుకునేది వాళ్ళకి అర్థమవుతుందా? పదాలు మాత్రం వచ్చి వాక్యం రాని టీచర్ దగ్గర సైన్స్ పాఠం వినడం ఎలా ఉంటుందో ఊహించండి. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశం, బడుల్లో సైగల భాష కాకుండా నోటి మాటే వాడాలని తీర్మానించింది. ఓటు వేసినవాళ్ళు దాదాపు అందరూ చెవులు వినిపించేవాళ్ళే. దాంతో చాలా దేశాల బడుల్లో తరాలపాటు చేతులు కట్టేసినట్టయింది. 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే వరస సమావేశం ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం ప్రకటించింది. మధ్యలో 130 ఏళ్ళు. హియరింగ్ ఎయిడ్, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) ఉన్న పిల్లలకి కూడా ఏదో ఒక భాష చిన్నప్పుడే పూర్తిగా అందాలి. అది ఆలస్యమైతే ఆ లోటు చదువు మొత్తం మీద పడుతుంది.

అంధుల బడిలో బ్రెయిలీ సంగతి అడగండి. 'ఇప్పుడన్నీ ఆడియోలోనే ఉన్నాయి కదా' అంటారు. వింటే కథ తెలుస్తుంది గానీ ఒత్తులూ దీర్ఘాలూ తెలియవు, లెక్కలు అసలే సాగవు. లూయీ బ్రెయిలీ తన లిపిని 1829లో అచ్చువేశాడు. ఆయన చదివి, పాఠాలు చెప్పిన పారిస్ బడిలోనే 1840లలో కొన్నాళ్ళు దాన్ని వాడనివ్వలేదు. అధికారికంగా ఒప్పుకున్నది 1854లో, ఆయన చనిపోయిన రెండేళ్ళకి. అంతకుముందు వాడుకలో ఉన్న, పెద్దవాళ్ళ కళ్ళకి ఇంపుగా ఉండే ఉబ్బెత్తు అక్షరాలను పిల్లలు కష్టపడి చదవగలిగేవారు గానీ రాయలేకపోయేవారు. బ్రెయిలీతో రాయగలిగారు. బడిలో ఏ పద్ధతి చూపించినా, అది చూసేవాళ్ళ సౌకర్యానికా, వాడేవాళ్ళ సౌకర్యానికా అని ఆలోచించండి.

కోపం వస్తే కొడతాడు, కొరుకుతాడు. బడిలో ఎలా చూసుకోవాలి?

'ఎలా ఆపుతారు' అన్నదానికంటే 'ఎందుకు వస్తోందని అనుకుంటున్నారు' అన్నది ముందు అడగండి. మంచి బడిలో అలాంటి సంఘటనకి ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది అనేవి రాసిపెడతారు. పది సంఘటనలు వరసగా చదివితే చాలాసార్లు కారణం దానంతటదే కనిపిస్తుంది. చప్పుడు, ఆకలి, ముందుగా చెప్పకుండా మార్చిన పని, లేదా కొరికితే రాత పని తప్పుతుందన్న అనుభవం.

కొట్టడం, గదిలో పెట్టి తలుపు వేయడం, కుర్చీకి కట్టడం ఇవి జరిగే చోట చదువు నాణ్యత గురించి మాట్లాడటం అనవసరం. బయటికి తీసుకొచ్చేయండి.

ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. పిల్లాడికి కన్‌ఫ్యూజన్ కాదా? ఒక్కటే మాట్లాడమన్నారు.

ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో రెండు భాషల వల్ల నష్టం కనిపించలేదు. మీకు మనసారా వచ్చిన భాషలోనే మాట్లాడండి. తాతయ్య, అమ్మమ్మ మాట్లాడే భాషను పిల్లాడికి దూరం చేస్తే మాట్లాడే మనుషులే తగ్గిపోతారు.

మామూలు బడిలో వేస్తే ఇంకా బాగుండేదా?

1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు పిల్లలందరికీ ఒకే బడి అనే దిశను ఒప్పుకున్నారు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 24వ అధికరణం కూడా అటువైపే చూపిస్తుంది. దిశ సరైనదే అని నా నమ్మకం. కానీ మామూలు బడిలో వెనక బెంచీలో రంగు పెన్సిళ్ళతో కూర్చోబెట్టడాన్ని కలుపుకోవడం అనరు. చాలామంది బధిరులు తమ భాష మాట్లాడే బడి తమకు కావాలనే అంటారు. ఏ బడైనా సరే పైన చెప్పిన స్పూన్ల పరీక్ష పెట్టండి. స్పెషల్ స్కూలే అయితే, వారంలో కొంతసేపైనా బయటి పిల్లలతో కలిసే పనులున్నాయా అని చూడండి.

ఎక్కువగా ప్రశ్నిస్తే ఆ కోపం పిల్లాడి మీద చూపిస్తారేమో?

ఈ టెన్షన్ నిజమైనదే, కాదని అనను. ఆరోపణగా కాకుండా పనిగా అడగండి. 'ఇంట్లో కూడా ఇదే చేయిద్దామనుకుంటున్నాం, మీరు ఎలా చేయిస్తున్నారో చూపిస్తారా?' అంటే మంచి టీచర్ సంతోషిస్తుంది. ఇంట్లో పిల్లాడు చేస్తున్న పనిని రెండు నిమిషాలు ఫోన్లో వీడియో తీసి మీటింగ్‌కి తీసుకెళ్ళండి. బడిలో రాదనుకున్నది ఇంట్లో వస్తుండవచ్చు, అటుది ఇటూ కావచ్చు. ఆ వీడియో చూశాక వాదన ఆగిపోయి మాటలు మొదలవుతాయి. మాట్లాడుకున్నవి ఆ సాయంత్రమే రెండు లైన్లలో రాసి పంపండి.

ఇలా అడిగినందుకే పిల్లాడి పట్ల తీరు మారితే, మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

ఏటా టీచర్ మారిపోతున్నారు. ప్రతిసారీ మొదటినుంచీ మొదలు.

ఆపడం మీ చేతిలో లేదు. ఒక పేజీ కాగితం తయారుచేసుకోండి: ఏం ఇష్టం, ఏం భయం, ఎలా అడుగుతాడు, కోపం రాబోతుంటే ముందుగా ఏం కనిపిస్తుంది, ఇప్పుడు ఏ పని ఎంత సాయంతో చేస్తున్నాడు. ఏటా మార్చి కొత్త టీచర్‌కి మొదటి రోజే ఇవ్వండి. పాత రికార్డుల నకళ్ళు మీ దగ్గర ఉంచుకోండి. బడి మారాల్సి వచ్చినా అవే పనికొస్తాయి.

బడి అయిపోయాక ఏమిటి?

ఈ ప్రశ్న పద్దెనిమిదో ఏట కాదు, పన్నెండు, పదమూడేళ్ళకే అడగాలి. అమెరికా చట్టం పదహారేళ్ళకల్లా బడి తర్వాతి జీవితం గురించి ఐఈపీలో రాయాలంటుంది. నా దృష్టిలో అది కూడా ఆలస్యమే. ఒక ప్రయాణం ఒంటరిగా చేయడం నేర్పడానికి రెండేళ్ళు పట్టవచ్చు. డబ్బు, ఫోన్, సమయం, తన మందులు తాను వేసుకోవడం, ఒంటిని ఎవరు తాకవచ్చో ఎవరు తాకకూడదో తెలియడం, గట్టిగా 'వద్దు' అనడం ఇవన్నీ అంతే. ఎప్పుడూ చెప్పిన మాట వినడమే మంచితనంగా పెరిగిన పిల్లలు బయట ఎక్కువ ప్రమాదంలో పడతారు. అందువల్ల బుద్ధిమంతుడు అన్న రిపోర్టు చూసి నేను అంతగా సంబరపడను.

బడిని ఒక్కటి అడగండి: ఐదేళ్ళ క్రితం ఇక్కడి నుంచి వెళ్ళిన పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారు? పేర్లు అక్కర్లేదు. ఒకరు ప్యాకింగ్ పనికి వెళ్తున్నారు, ఒకరు ఇంటి దగ్గరే ఉంటున్నారు, ఒకరి సంగతి తెలియదు అని చెప్పే బడి, తెలియని ఆ ఒకరి గురించి కూడా ఆలోచిస్తున్న బడి. ఆ తర్వాత, ఇంటి దగ్గరే ఉంటున్న ఆ అబ్బాయి వాళ్ళ అమ్మగారితో మాట్లాడించగలరేమో అడిగి చూడండి. నాకు తెలిసినంతలో ఆవిడ కాదనరు.